ట్యాబు ఇంటికి వెళ్లిన రోజే దారి మళ్లింది

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లలకు ఉచితంగా పంచిన ట్యాబుల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. పంపిణీ ఆపేసి పేద పిల్లల చేతిలోని చదువును లాగేసుకున్నారని ఒక పక్షం అంటోంది. వందల కోట్లు ఆటలకూ సినిమాలకూ ధారపోశారని రెండో పక్షం తిప్పికొడుతోంది. పాఠాలు ఇచ్చిన బైజూస్ కంపెనీతో ఒప్పందం, పంపిణీ సభలు, శాసనసభలో మాటల యుద్ధం అందరికీ గుర్తున్నవే. వాటి జోలికి పోకుండా 2022 డిసెంబరు 21 దగ్గర ఆగి చూస్తే, ఇప్పటి తగాదాలో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ రోజు బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. మొత్తం 5,18,740 ట్యాబులు. అందులో 4,59,564 ఎనిమిదో తరగతి పిల్లలకు, 59,176 టీచర్లకు. ఖర్చు సుమారు 686 కోట్లు, అంటే ఒక్కోదానికి 13 వేల 200 రూపాయల చొప్పున పడింది. పాఠాల విలువ కూడా కలిపి ఒక్కో విద్యార్థికి దాదాపు 32 వేల రూపాయల మేలు జరిగిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత: 4,34,185 ట్యాబులు, సుమారు 620 కోట్లు. ఎనిమిదిలో అందుకున్న ట్యాబును తొమ్మిది, పది తరగతుల్లోనూ ఆ పిల్లవాడే వాడుకోవాలి, కొత్తగా ఎనిమిదికి వచ్చినవాళ్లకు ఏటా కొత్తవి ఇవ్వాలి అన్నది పథకం.

ఈ పథకం వేసినవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. కరోనా కాలంలో ఇంట్లో ఫోను లేని పిల్లలు ఎంత వెనకబడ్డారో అందరూ చూశారు. ప్రైవేటు బడి పిల్లలు డబ్బు కట్టి చూసే పాఠం సర్కారు బడి పిల్లలకు ఉచితంగా అందాలన్నారు. ఇంటర్నెట్ లేని ఊళ్లోనూ నడవాలని పాఠాలను ఎస్‌డీ కార్డులోనే ఎక్కించి ఇచ్చారు. అంతవరకు సరైన ఆలోచనే.

చిక్కల్లా ట్యాబుకు టైంటేబుల్లో చోటు లేకపోవడం. బడి బ్యాగులో వచ్చి బడి బ్యాగులోనే ఇంటికి పోయే వస్తువుకు పీరియడు లేదు, గది లేదు, బాధ్యుడు లేడు. నలభై మంది ఉన్న తరగతిలో ఆ రోజు పది ట్యాబులు ఇంట్లో మరిచిపోయి వస్తారు, ఇంకో పదింటికి చార్జింగు ఉండదు. మిగిలిన ఇరవైతో పాఠం నడపలేక సారు బోర్డు వైపే తిరుగుతాడు. అలా నాలుగు రోజులు గడిస్తే ట్యాబు బడి వస్తువుగా మిగలదు.

ఇంతకంటే లోతైన లోపం ఒకటుంది. కార్డులో ఉన్నది ప్రధానంగా వీడియో పాఠం. అది ఎనిమిదో తరగతి సిలబస్ ప్రకారం అందరికీ ఒకే వేగంతో నడుస్తుంది. 1/3, 1/4 కూడమంటే ఒక పిల్ల 2/7 అని రాసిందనుకోండి. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేసింది. హారం అంటే ఎన్ని సమభాగాలు చేశామో చెప్పే సంఖ్య అన్నది నాలుగైదు తరగతుల్లోనే ఆమెకు అందలేదన్నమాట. అలాంటి పిల్ల రేఖీయ సమీకరణాల వీడియో ఎంత శ్రద్ధగా చూసినా, ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా, ఆ గండి పూడదు. పిల్లలకు ఆసక్తి పుట్టలేదని తర్వాత తీర్పులు చెప్పారు. అర్థం కాని పాఠం మీద ఎవరికైనా ఆసక్తి ఎలా పుడుతుంది?

దీనికి జవాబు అప్పటికే ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లోనే అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అందులో తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడి తప్పును బట్టి కింది తరగతి మెట్టుకు దించి, అక్కడి నుంచి పైకి తెస్తుంది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల వచ్చింది. ఈ అధ్యయనాన్ని ఉదహరించేవాళ్లు సాధారణంగా వదిలేసే వివరం ఒకటుంది. అక్కడ రోజుకు 90 నిమిషాల తరగతిలో కంప్యూటర్ ముందు గడిచేది 45 నిమిషాలే. మిగతా 45 నిమిషాలు 12 నుంచి 15 మంది గుంపుకు ఒక మనిషి కూర్చుని చెప్పేవారు.

ఆంధ్రప్రదేశ్‌లోనే ఇలాంటి పని చిన్న ఎత్తున సాగుతూ ఉంది. పాల్ (పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్) అని పిలిచే కార్యక్రమంలో ట్యాబులు బడిలోని ఒక గదిలో ఉంటాయి. పిల్లలు టైంటేబుల్ ప్రకారం ఆ గదికి వస్తారు, ఎవరి స్థాయికి తగిన ప్రశ్న వాళ్లకు వస్తుంది, ఎవరు ఎక్కడ ఆగిపోయారో టీచరుకు కనిపిస్తుంది. నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమర్ ఆధ్వర్యంలోని చికాగో విశ్వవిద్యాలయ బృందం 17 నెలల పాటు దీన్ని పరిశీలించి, ఈ బడుల పిల్లలు మిగతావాళ్లకంటే బాగా ముందుకెళ్లారని తేల్చింది. ఒకే రాష్ట్రం, అవే సర్కారు బడులు, అదే రకం వస్తువు. తేడా ట్యాబు ఎక్కడ ఉంది, అది పిల్లవాణ్ని ఏం అడుగుతోంది అన్న రెండింట్లోనే. లక్షల ట్యాబులు కొనేటప్పుడు మనవాళ్లు రెండో నమూనా వైపు వెళ్లి ఉంటే ఈ రోజు చర్చ వేరేలా ఉండేది.

వెనక్కి వెళ్తే 2008 నాటి అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు వచ్చాయి. ప్రైవేటు సంస్థలే ల్యాబు పెట్టి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి అప్పగించి వెళ్లాలన్నది ఒప్పందం. గడువు 2013లో తీరింది. యంత్రాలు బడికి మిగిలాయి, చెప్పే మనిషి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ల్యాబు తలుపులకు తాళాలు పడటానికి పెద్దగా కాలం పట్టలేదు. ఆ యంత్రాలను ఎవరు నడపాలి, పాడైతే ఏ పద్దు కింద బాగుచేయించాలి అన్నది ఒప్పందం గడువుకు ముందే తేల్చుకోవాల్సిన విషయం. ట్యాబుల దగ్గరా అదే దాటవేశారు.

టీచర్ల వైపు మాట ఈ గొడవలో అందరికంటే తక్కువగా వినబడుతోంది. వాళ్లు చెప్పేది వరుసగా చూడాలి. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. అంతకుముందే మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం ఫొటోలు తీసి ఎక్కించే పని నెత్తిన పడింది. సిగ్నల్ లేని ఊళ్లో ఉదయం తొమ్మిదికి ముందు ఫోను పట్టుకుని బడి ఆవరణంతా తిరిగిన టీచరుకు, నాలుగైదు నెలలు తిరక్కుండానే ట్యాబు చేతికిచ్చి పాఠం చెప్పమన్నారు. సాంకేతికత అంటే తన మీద నిఘా అని అప్పటికే అతనికి అర్థమైపోయింది. ట్యాబుతో ఏ పాఠం ఎలా చెప్పాలో తోటి టీచర్లతో కూర్చుని తయారు చేసుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు. పిల్లలు వాడలేదన్న నింద మాత్రం చివరికి అతని మీదికే వచ్చింది.

లాకు సంగతీ అంతే. ట్యాబులో పాఠాలు తప్ప మరేమీ తెరుచుకోకుండా ఒక నియంత్రణ సాఫ్ట్‌వేర్ పెట్టారు. అలాంటి లాకు బతకాలంటే ట్యాబు అప్పుడప్పుడు నెట్‌కు తగిలి సర్వర్‌తో మాట్లాడాలి, అవతల ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. నెట్ లేని ఊళ్ల కోసమే కార్డులో పాఠాలు పెట్టిన పథకంలో ఆ కాపలా ఎంతవరకు సాధ్యం? ఫోన్ల దుకాణంలో లాకు తీయించుకున్నారన్న వార్తలు కొద్ది నెలల్లోనే మొదలయ్యాయి. పదమూడేళ్ల పిల్లల క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు, ఆ పిల్లల చేతికి కాపలా లేని తెర ఇచ్చింది పెద్దవాళ్లేనని మరిచిపోయారు.

బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గోడకు బిగించిన ఐఎఫ్‌పీ ప్యానెళ్ల (వేలితో తాకి నడిపే పెద్ద తెరల) మీద ఇంత రగడ లేదు. కారణం, అది బడి వదిలి పోదు, సారు చేతిలోనే ఉంటుంది. దానికీ రోగాలున్నాయి. స్పర్శను చాలా ప్యానెళ్లు అంచుల్లో ఉండే పరారుణ కాంతి గీతలతో పసిగడతాయి. పక్కనే సుద్ద బోర్డు ఉంటే ఆ పొడి అంచులో పేరుకుని, వేలు పెట్టని చోట గీత పడుతుంది. కిటికీ ఎండ నేరుగా తగిలినా అంతే. మెత్తటి పొడి గుడ్డతో నాలుగు అంచులూ వారానికి రెండుసార్లు తుడిస్తే, ఎండ వైపు కిటికీకి తెర కడితే చాలావరకు తగ్గుతుంది. చాలా బడుల్లో దీన్నే 'ప్యానెల్ పాడైంది' అని పక్కన పెడుతున్నారు. పాఠం నడిపే తీరులోనూ ఒక మెళకువ ఉంది. వీడియోను నాలుగైదు నిమిషాలకోసారి ఆపాలి. ఘర్షణ పాఠంలో వాలుతలం మీది బండిని వదలబోయే ముందు ఆపి, గాజు పలక మీద ఎక్కువ దూరం పోతుందా గోనెసంచి మీదా అని అడిగి, పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించి, అప్పుడు నడపాలి. తాము రాసింది సరైనదో కాదో చూసుకోవాలన్న ఆత్రం ఉన్న తరగతి అల్లరి చేయదు.

2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. జులై 16న జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ బైజూస్‌ను దివాలా ప్రక్రియలోకి పంపింది. అప్పటికి మొదటి విడత పిల్లలు పదో తరగతిలో అడుగుపెట్టి ఉన్నారు. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతికి కొత్త ట్యాబులు రాలేదు. అందుకే ఒక పక్షం కొత్త ప్రభుత్వాన్ని, మరో పక్షం పడిపోయిన కంపెనీని వేలెత్తి చూపుతున్నాయి. కంపెనీ నిలబడి ఉన్నా, ప్రభుత్వం మారకపోయినా, 2/7 రాసిన పిల్ల స్థితి మారేది కాదు. మొదటి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసేశారు. ఏ ట్యాబును ఎంతసేపు దేనికి వాడారు, ఆ పిల్లల చదువు ఏ మేరకు మారింది అన్న లెక్క బయటపెట్టాలని ఈ రెండు పక్షాల్లో ఎవరూ గట్టిగా అడగడం లేదు.

ఉన్న ట్యాబులతో ఇప్పటికీ పని చేయించుకోవచ్చు. హైస్కూలుకు ముప్పై చొప్పున బాగున్నవి ఒక గదిలోకి చేరిస్తే ముప్పై మంది ఉన్న సెక్షనుకు సరిపోతాయి. 5,100 ఎంఏహెచ్ బ్యాటరీలు ముప్పై పూర్తిగా నింపడానికి అయ్యే కరెంటు యూనిట్ లోపే. చార్జర్లన్నీ ఒకేసారి పెట్టినా 450 వాట్లకు మించదు. అసలు ఖర్చు తాళం వేసే బీరువాకు, గాలి ఆడే అరలకు, ఒక్కో అరకు విడి సాకెట్టుకు. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఇంకో బోర్డు గుచ్చి నడిపితే ప్లగ్గులు వేడెక్కి కాలతాయి. వేసవి సెలవులకు ముందు బ్యాటరీని సగం దాకా ఉంచి స్విచాఫ్ చేయాలి. పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే సెల్ మళ్లీ చార్జింగ్ పట్టుకోదు, కొన్నిసార్లు ఉబ్బుతుంది కూడా. ఉబ్బిన ట్యాబును వెంటనే పక్కకు తీసేయాలి, నొక్కి మూయకూడదు. ప్రతి ట్యాబు మీద అంకె వేసి, హాజరుపట్టీలో అదే వరుస నంబరు పిల్లవాడికి అదే ట్యాబు ఇస్తే పగుళ్లకు జవాబుదారీ దొరుకుతుంది. స్థాయిని బట్టి ప్రశ్నలు అడిగే తెలుగు, ఇంగ్లిష్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. వారానికి లెక్కలకు కనీసం రెండు పీరియడ్లు టైంటేబుల్లో రాయాలి.

ఇవన్నీ జరగాలంటే ముందు ఒక ఉత్తర్వు కావాలి. పది దాటి వెళ్లిపోయిన పిల్లల దగ్గరున్న ట్యాబులు వాళ్లవా, బడివా? వాళ్లవే అయితే ఆ మాట రాసి ఇచ్చి, ఆ సంఖ్యను పక్కన పెట్టి, మిగిలినవాటితో ల్యాబులు లెక్కేసుకోవాలి. బడివైతే తిరిగి తీసుకునే బాధ్యత హెడ్మాస్టరు నెత్తిన వేయకుండా, పగిలినవాటికి ఎవరి జేబు నుంచీ వసూలు చేయబోమని ముందే చెప్పాలి. లేదంటే ఒక్క తల్లీ ట్యాబు తెచ్చి ఇవ్వదు.