పల్లకీ బొంగు నుంచి పోలీసు జీపు దాకా: ‘విధులకు ఆటంకం’ కేసు వెనక కథ

‘విధులకు ఆటంకం’ కేసులు మళ్ళీ రచ్చకెక్కాయి. సీను అందరికీ తెలిసిందే. ముందస్తు అరెస్టు చేసిన నాయకుణ్ణి పోలీసు వాహనం ఎక్కిస్తారు. పదిమంది ముందు టైర్ల దగ్గర బైఠాయిస్తారు. ఒకరిద్దరు బానెట్ చరుస్తారు, ఇంకొకరు డ్రైవరు వైపు తలుపు పట్టుకు లాగుతారు. అరగంట తోపులాట, సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్. తలుపు లాగినవాడికీ, కదలకుండా కూర్చున్నవాడికీ అందులో ఒకటే సెక్షన్. 2024 జూన్ దాకా అది ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 353. 2024 జూలై 1 నుంచి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 132. తగాదా అంతా ఆ ‘ఒకటే’ దగ్గరే ఉంది.

ఐపీసీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది తెలిసిన సంగతే కాబట్టి వదిలేస్తున్నాను. ఆ 1860 చట్టంలోని ఒక ఉదాహరణను మాత్రం దగ్గరగా చూడాలి. నేరపూరిత బలప్రయోగం అంటే ఏమిటో చెప్పే 350వ సెక్షన్ కింద ఉంటుంది. ఒకాయన పల్లకీలో పోతున్నాడు. దోచుకుందామని మరొకడు వచ్చి బొంగు పట్టుకుని పల్లకీ ఆపేశాడు. లోపలి మనిషి ఒంటి మీద చెయ్యి పడలేదు. అయినా తన ఒంటి సత్తువతో అతని కదలిక ఆపాడు కనుక అది బలప్రయోగమే.

బొంగు బదులు జీపు స్టీరింగ్ అనుకోండి. దాన్ని లాక్కున్నవాడి మీద 353 పెట్టారంటే అర్థముంది. మరి బోయీలకు ఎదురుగా దారిలో కూర్చున్నవాడో? పల్లకీ దించింది బోయీలు, అతను కాదు. అలాంటి అడ్డగింతకు ఐపీసీలోనే 186 వేరే ఉంది. శిక్ష మూడు నెలలకు మించదు. దాడిగానీ బలప్రయోగంగానీ ఉంటేనే వర్తించే 353కి రెండేళ్ళ వరకు.

అయితే పోలీసులకు 186తో ఒక చిక్కు ఉంది. ఆటంకం ఎదురైన అధికారి, లేదా ఆయన పైఅధికారి, స్వయంగా కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే తప్ప కోర్టు ఆ కేసు చేపట్టకూడదు. నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం సీఆర్‌పీసీలో 195వ సెక్షన్ పెట్టిన కట్టడి అది. 353కి ఆ కట్టడి లేదు. రెండూ వేర్వేరు నేరాలని, ఒకదాని కట్టడి రెండోదానికి అంటదని సుప్రీంకోర్టు 1966లోనే దుర్గాచరణ్ నాయక్ కేసులో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1991 డిసెంబరు 5న జీఓ 732తో 186ను పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరంగా మార్చింది. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో, 1932లో వచ్చిన చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చిన అధికారం అది. అయినా కోర్టు గడప దగ్గర 195 అలాగే ఉండిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు 2006 జూన్ 23. సీఆర్‌పీసీ 2005 సవరణ ఆ రోజు అమల్లోకి వచ్చింది. 353 నిర్వచనం మారలేదు, శిక్షా మారలేదు. చివరనున్న మొదటి షెడ్యూలులో, బెయిలు కాలమ్‌లో ఒక్క మాట మారింది. బెయిలబుల్ కాస్తా నాన్ బెయిలబుల్ అయింది. అంతవరకు స్టేషన్లో పూచీకత్తు ఇచ్చి ఇంటికి పోవడం నిందితుడి హక్కు. ఆ రోజు నుంచి బెయిలు మేజిస్ట్రేటు దయ. శుక్రవారం సాయంత్రం ధర్నాలో పట్టుబడిన డిగ్రీ కుర్రాడికి ఆ తేడా ఏమిటో బాగా తెలుసు. ఇంటి దగ్గర తల్లి జామీనుదారుల కోసం తిరుగుతుంటుంది. తర్వాత పాస్‌పోర్టుకు వెళ్ళినా, పోలీసు ఉద్యోగానికి వెళ్ళినా పెండింగు కేసు అడ్డం వస్తుంది.

పోలీసులు చెప్పేదీ ఉంది: గుంపులో రాయి ఎవరు విసిరారో తేలదు, దెబ్బ తినేది కానిస్టేబులే, సెక్షన్ గట్టిగా లేకపోతే బందోబస్తు నిలవదు. మహారాష్ట్ర ఈ వాదనతోనే 353 శిక్షను అయిదేళ్ళకు పెంచుకుంది. కేంద్రం కూడా కొత్త సంహితలో ప్రభుత్వోద్యోగిని గాయపరిస్తే పడే శిక్షను మూడేళ్ళ నుంచి అయిదేళ్ళు చేసింది. గాయపరిచినవాడికి అది పడాల్సిందే. కూర్చున్నవాడికి ఎందుకన్నదే ప్రశ్న.

కోర్టులు ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాయి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఇన్‌స్పెక్టరు మీద ఫిర్యాదు రాసిన దంపతుల మీద కూడా 353 పెట్టారు! రాత బలప్రయోగం కాదంటూ 2015 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2025 జనవరి 2న ఉత్తరప్రదేశ్‌లో ఒక హాస్టల్ తనిఖీ తాలూకు కేసులోనూ అంతే. అలజడి చేశారన్నంత మాత్రాన 353 కాదంది. అధికారి ఫిర్యాదు జుడీషియల్ మేజిస్ట్రేటుకు వెళ్ళలేదు కాబట్టి 186 కూడా నిలవదంది. కానీ ఈ ఊరట సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగినవాళ్ళకు, అదీ ఏళ్ళ తర్వాత.

కొత్త చట్టాలు 186ను 221గా, 195ను 215గా మార్చాయి. 132కి రెండేళ్ళ శిక్ష, నాన్ బెయిలబుల్ ముద్ర రెండూ అలాగే ఉంచాయి. పైగా 226 అనే కొత్త సెక్షన్ వచ్చింది. అధికారిని విధులు చేయనివ్వకుండా ఆపడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. తన భూమిలోకి సర్వేయర్లు రాగానే పురుగుమందు డబ్బా ఎత్తే రైతు ఇప్పుడు దీని కిందికి వస్తాడు.

ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ముందు నోటీసు ఇవ్వాలని, తప్పనిసరైతేనే అరెస్టు చేయాలని 2014 అర్ణేశ్ కుమార్ తీర్పు ఉంది. మనవాళ్ళ నోళ్ళలో నానిన 41ఏ నోటీసు అదే, ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 35(3). రెండేళ్ళ శిక్షున్న 132కీ అది వర్తిస్తుంది. రిమాండు కోరుతూ తెచ్చిన కాగితంలో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో రాసి ఉందా, లేక ‘తోపులాటకు పాల్పడి ఆటంకం కలిగించారు’ అన్న ఒక్క వాక్యమే పదిమంది పేర్ల కింద ఉందా అన్నది మేజిస్ట్రేటు ఆ పూటే చూడగలరు.