ఆయా అంటే ఒకే పని కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాదులో పిల్లల సంరక్షణకు మనుషులను కుదిర్చి, ఇళ్లకు పంపే ముందు తర్ఫీదు ఇవ్వడం నా వృత్తి. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "మంచి ఆయా కావాలండీ" అనే మొదలవుతాయి. ఆ ఒక్క మాట కింద ఉన్న నాలుగైదు రకాల పనుల్లో తమకు కావలసింది ఏదో తేల్చుకోకుండానే జీతం మాట్లాడేయడం వల్లనే తర్వాతి గొడవలు చాలావరకు పుడతాయి.

అపోహ: బాలింతకు చేసిన మనిషే ఆయాగా కొనసాగవచ్చు.

వాస్తవం: ఉత్తరాది మాటతో నగరంలో 'జాపా' అని పిలుస్తున్న ఈ సేవ సాధారణంగా పురుడైన తర్వాతి 40 రోజుల కోసం కుదుర్చుకునేది. తల్లికి ఒళ్లు పట్టడం, పథ్యం వండడం, బిడ్డను కాళ్లమీద వేసుకుని నీళ్లు పోయడం అందులోని పనులు. పాకే బిడ్డ వెంట రోజంతా తిరగడానికి కావలసిన ఓపిక వేరు. జాపా చేసే మనిషికి అనుభవం ఎంత ఉన్నా పాత అలవాట్లను మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. తర్ఫీదులో బొమ్మను ఇచ్చి స్నానం చేయించమంటే, చేయి తిరిగినవాళ్లే ఆలోచించకుండా నూనెలో వేలు ముంచి బొమ్మ ముక్కు దగ్గరికి తీసుకుపోతారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. ఏడాది నిండని బిడ్డకు నాకించిన తేనె వల్ల బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

అపోహ: ఇంట్లోనే ఉండే ఆయాకు 24 గంటలూ డ్యూటీయే.

వాస్తవం: రాత్రి రెండుసార్లు లేచి పాలు పట్టిన మనిషికి పగలు నిద్ర కావాలి, వారానికొక సెలవూ కావాలి. "పాప పడుకున్నప్పుడు అంట్లు తోమితే ఏం పోయింది?" అని అడిగే ఇళ్లున్నాయి. పని మానేసి వచ్చినవాళ్లు జీతం కన్నా ముందు చెప్పుకునే బాధ అదే.

అపోహ: యూనిఫాం ఉంటే నర్సే.

వాస్తవం: నర్సు కావడానికి చదివే జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా 3 ఏళ్ల చదువు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నర్సు అవసరమని డాక్టరు చెబితే, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

అపోహ: బిడ్డను ఆడించడానికే కదా, ఊరి నుంచి చిన్నపిల్లను తెచ్చుకోవచ్చు.

వాస్తవం: 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. 2016 సవరణ ప్రకారం 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు గానీ, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. చదివిస్తున్నామన్న సాకు చెల్లదు.

అపోహ: పోలీసు తనిఖీ అయితే ఇక నిశ్చింత.

వాస్తవం: తనిఖీ తప్పనిసరే, కానీ దానివల్ల తెలిసేది ఆమెపై కేసులున్నాయా లేదా అన్నదే. "గొంతులో పల్లీ గింజ అడ్డం పడి బిడ్డకు ఊపిరాడకపోతే ఏం చేస్తారమ్మా?" అని నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. నీళ్లు తాగిస్తామని, వేలు పెట్టి తీస్తామని చెప్పేవాళ్లే ఎక్కువ. కనిపించని గింజ కోసం వేలు పెడితే అది ఇంకా లోపలికి పోవచ్చు. ఏడాదిలోపు బిడ్డను తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పట్టుకుని వీపు మీద 5 సార్లు చరిచి, గింజ రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కి, బొమ్మ మీద నాకు చేసి చూపించేవరకు ఎవరినీ ఏ ఇంటికీ పంపను.