కోడ్ వచ్చిందని సెన్సర్ కొనేయకండి: పాత పికప్‌ల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) ఏ సెన్సర్ పేరు చూపిస్తే అదే పోయినట్టు.

మా పనిలో ఇంతగా డబ్బు తినేసిన మాట ఇంకోటి లేదు. "ఈ సర్క్యూట్ నుంచి వస్తున్న లెక్క నమ్మేలా లేదు" అని కంప్యూటర్ చెప్పడమే కోడ్ అంటే. సర్క్యూట్‌లో సెన్సర్ ఒక్కటే ఉండదు. వైర్లు, కనెక్టర్, పిన్నులు, ఎర్త్ అన్నీ అందులోవే. ఏళ్ళ తరబడి వేడికి మాడి, ఆయిల్లో నానిన బండిలో చాలాసార్లు ముందు పోయేవి ఇవే.

ఒక పికప్ నా దగ్గరికి వచ్చేసరికే దానికి కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ రెండుసార్లు మార్చేశారు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజ్ మరీ ఎక్కువుందని చెప్పే పి0118 కోడ్ మాత్రం కదల్లేదు. స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే లెక్కలు) తీస్తే ఇంజన్ వేడి మైనస్ 40 డిగ్రీలట. పైపు మీద చెయ్యి పెడితే కాలుతోంది! ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. మామూలుగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 దగ్గర మూడు వందల చుట్టుపక్కల. కంప్యూటర్ పంపే 5 వోల్టులు ఎంత పడిపోయాయో చూసి వేడిని లెక్కగడుతుంది. వైరు తెగితే ఏమీ పడిపోదు కాబట్టి, ఇంజన్ గడ్డకట్టిందనుకుంటుంది.

కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నుల్నీ చిన్న వైరు ముక్కతో కలిపాను. వైరింగ్ బాగుంటే రీడింగ్ ఒక్కసారిగా పైకి ఎగరాలి, అప్పుడు తప్పు సెన్సర్‌ది. ఎగరలేదు. వైరు వెంట వేళ్ళతో తడుముకుంటూ పోతే, బ్రాకెట్ దగ్గర ఒకచోట మెత్తగా తగిలింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగిపోయి ఉంది. తీసేసిన రెండు సెన్సర్లనూ కొలిస్తే రెండూ బాగానే ఉన్నాయి. పుండొకచోట మందొకచోట అంటే ఇదే. ఒక్క హెచ్చరిక: ఈ వైరు ముక్క పరీక్ష రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకే. మూడు వైర్ల వాటికి చేస్తే 5 వోల్టుల లైనుని ఎర్త్‌కి కొట్టినట్టే.

అపోహ: పి0171 వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి.

గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని ఎగ్జాస్ట్‌లో ఉండే ఆ సెన్సర్ చెబుతోంది, చాలాసార్లు నిజమే చెబుతోంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచి తగ్గించి సర్దుతోందో. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎంకి తెస్తే తగ్గిపోతే ఎక్కడో పగిలిన వాక్యూమ్ గొట్టం గాలి పీలుస్తోంది. రేస్ చేసేకొద్దీ పెరిగితే ఫ్యూయల్ ప్రెషర్, ఎయిర్ ఫ్లో సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచేది) వైపు వెళ్ళండి. సెన్సర్ ముందు ఎగ్జాస్ట్ లీకున్నా బయటి గాలి చొరబడి ఇదే అబద్ధం పుట్టిస్తుంది.

సెన్సర్ మీదే అనుమానమా? పాత రకం అయితే ఇంజన్ వేడెక్కాక వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య చకచకా ఊగాలి. ఒకచోట బద్ధకంగా నిలబడిపోయి, యాక్సిలరేటర్ గబుక్కున తొక్కినా 0.8 దాటకపోతే అప్పుడు మార్చండి. విప్పేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉంటే మర సులువుగా వస్తుంది. యాంటీసీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) మర మీదే రాయాలి, కొనకి అంటకూడదు. కొత్తవాటికి చాలావరకు ముందే రాసి ఇస్తారు.

అపోహ: చెక్ ఇంజన్ లైటు వెలగలేదంటే సెన్సర్లన్నీ బాగున్నట్టే.

అబద్ధం నమ్మేలా ఉంటే కంప్యూటర్ పట్టుకోలేదు. రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా కూలెంట్, ఇన్‌టేక్ గాలి వేడి రెండూ చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. పదిహేను డిగ్రీల తేడా ఉంటే ఒకటి బొంకుతోంది.

ఇంజన్ తిరుగుడు కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్‌ది ఇంకో వేషం. వేడెక్కాక బండి ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఆగిపోయిన ఆ నిమిషంలోనే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడాలి. సున్నా అంటే అనుమానం గట్టిపడినట్టే, కానీ ముందు దాని కనెక్టర్ చూడండి.

అపోహ: ఒకేసారి నాలుగైదు కోడ్‌లంటే కంప్యూటర్ పోయింది.

థ్రాటిల్, మ్యాప్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) లాంటి సెన్సర్లకి తరచూ ఒకే 5 వోల్టుల లైను. ఒకటి లోపల షార్టయితే పక్కవాటి ఊపిరీ ఆగిపోతుంది. మీటర్ ఆ లైనుకి పెట్టి ఒక్కో సెన్సర్ ఊడదీస్తూ పోండి. ఏది ఊడదీస్తే 5 వోల్టులు తిరిగి వస్తాయో దొంగ అదే. అన్నీ ఊడదీసినా రాకపోతే వైరింగ్ చూసి, ఆ తర్వాతే కంప్యూటర్. దాన్ని నేను చివర పెడతాను. ఎర్త్ మాత్రం మొదటే: ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1 వోల్ట్ దాటకూడదు.

అపోహ: ఎయిర్ ఫ్లో సెన్సర్‌ని ఏ స్ప్రేతోనైనా కడగొచ్చు.

వద్దు. కార్బ్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ దాన్ని పాడుచేయగలవు. దానికంటూ ఉన్న క్లీనర్‌తోనే కొట్టి, పూర్తిగా ఆరాక బిగించండి. తీగని వేలితోగానీ దూదితోగానీ ముట్టుకోకండి.

అపోహ: స్కానర్ పట్టని పాత బండికి ఏమీ చేయలేం.

ఏ స్కానరైనా చదవగలిగే ఉమ్మడి పద్ధతి ఓబీడీ-2 అమెరికాలో 1996 మోడళ్ళ నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందువి చాలావాటిలో డయాగ్నోస్టిక్ కనెక్టర్‌లో చెప్పిన రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజన్ లైటే మిణుకుతూ చెబుతుంది: ఒకసారి, విరామం, నాలుగుసార్లు అంటే 14. ఏ పిన్నులో సర్వీస్ మాన్యువల్ చూసే కలపండి. ఓబీడీ-2 బళ్ళలోనైతే కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకోండి. లోపం పట్టిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం, లోడు ఎంతున్నాయో అందులోనే ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది.