సోలార్ సెల్‌లో వెండి: గీతలు సన్నబడ్డా తీరని కొరత

డాబా మీది సోలార్ ప్యానెల్‌ను దగ్గరగా చూస్తే, ముదురు రంగు సెల్ నిండా వెంట్రుక కన్నా సన్నని తెల్లని గీతలు కనిపిస్తాయి. అవి వెండి గీతలు. సిలికాన్‌లో పుట్టిన కరెంటును పోగుచేసి బయటికి పంపేవి అవే. సిలికాన్ నేలలో పుష్కలంగా ఉంది, కొరతంతా ఈ గీతల దగ్గరే.

1954లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ చూపిన సిలికాన్ సెల్ మొదట ఉపగ్రహాలకు పనికొచ్చింది. అక్కడ ఖరీదు పెద్ద అడ్డు కాదు. నేల మీద వాడకానికి చవక పద్ధతి కావలసి వచ్చి, 1970లలో బట్టల మీద అచ్చు వేసినట్టే జల్లెడలాంటి తెర గుండా వెండి పేస్టును అద్దడం మొదలైంది. అద్దిన సెల్‌ను సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని సెకన్లు కాలిస్తే, పేస్టులోని గాజుపొడి పైపూతను కరిగించి వెండికి సిలికాన్ దాకా దారి చేస్తుంది. ఇంత వేగంగా, నమ్మకంగా సాగే పనిని పరిశ్రమ ఇప్పటికీ వదులుకోలేదు.

2011లో ఔన్సు వెండి 50 డాలర్లకు చేరువయ్యేసరికి పొదుపు తప్పనిసరైంది. 2009 ప్రాంతంలో ఒక్కో సెల్‌కు 400 మిల్లీగ్రాములకు పైగా పట్టిన వెండి పదేళ్లలో 100 ప్రాంతానికి దిగింది. నిజంగా మెచ్చుకోదగ్గ ఇంజినీరింగ్ అది. అయినా వాట్‌కు 10 మిల్లీగ్రాముల లెక్కన చూసినా, కర్నూలు సోలార్ పార్కు అంతటి 1,000 మెగావాట్లకు 10 టన్నులు కావాలి. ప్యానెళ్ల సంఖ్య పొదుపును మించి పెరగడంతో 2023లో ఈ రంగం దాదాపు 6,000 టన్నుల వెండిని వాడుకుంది. పైగా వెండి ఎక్కువగా సీసం, జింకు, రాగి గనుల్లో ఉపఉత్పత్తిగా వచ్చేది కనుక, ధర పెరిగినంత మాత్రాన ఉత్పత్తి వెంటనే పెరగదు.

రాగి దాదాపు వెండి అంత బాగానే కరెంటును మోస్తుంది, చాలా చవక. అయితే అది సిలికాన్‌లోకి చొరబడి సెల్‌ను పాడుచేస్తుంది. మధ్యలో నికెల్ పొర అడ్డుపెట్టి, లేజర్‌తో చెక్కిన గాడుల్లో రాగి నింపే పద్ధతిని పరిశోధకులు మార్టిన్ గ్రీన్, స్టువర్ట్ వెన్‌హామ్ 1980లలోనే సిడ్నీలో రూపొందించారు. బీపీ సోలార్ అనే కంపెనీ ఆ సెల్స్‌ను అమ్మింది కూడా. రసాయన తొట్లు, మురుగునీటి శుద్ధి, అదనపు దశల ఖర్చు దాని విస్తరణకు అడ్డుపడ్డాయి. వెండి చవకగా ఉన్న రోజుల్లోనే ఆ ఖర్చు పెట్టుకుని ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇప్పుడు వెండి పూసిన రాగిపొడి పేస్టు వస్తోంది. అది సుమారు 200 డిగ్రీల దగ్గర తయారయ్యే హెటెరోజంక్షన్ సెల్స్‌కు (స్ఫటిక సిలికాన్ మీద మరో రకం సిలికాన్ పలుచని పొరలు వేసినవి) బాగా నప్పుతుంది. ఆ సెల్స్‌కు కావలసిన పారదర్శక పూతలో మాత్రం ఇండియం ఉంటుంది; అదీ జింకు శుద్ధిలో దొరికే అరుదైన లోహమే కనుక, వెండితో పాటు ఆ పూత మందాన్నీ తగ్గించే ప్రయత్నాలు సాగుతున్నాయి.