ఆరు సేబర్ల మధ్య ఒక్క నాట్: సెఖోన్ పోరాటంపై అపోహలు - వాస్తవాలు

వైమానిక దళంలో ఫైటర్ పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. స్కూళ్లకు మాట్లాడటానికి పిలిచినప్పుడల్లా పిల్లలు మొదట అడిగేది ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ గురించే. మన వైమానిక దళంలో పరమవీర చక్ర దక్కింది ఆయనొక్కరికే మరి. అయితే వాళ్లు విన్న కథలో ఆయన ధైర్యం ఉంటుంది గానీ, ఆయన పనితనం ఉండదు.

అపోహ: చావుకు తెగించి ఆవేశంతో ఎగిరారు.

1971 డిసెంబర్ 14న పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుండగా, పెషావర్ నుంచి ఆ దేశపు ఆరు సేబర్ యుద్ధ విమానాలు శ్రీనగర్ ఎయిర్ బేస్ మీదికి వచ్చాయి. నాలుగు బాంబులు వేయడానికి, రెండు వాటికి కాపలాగా. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే సెఖోన్ తన చిన్న ఫైటర్ విమానం నాట్‌లో టేకాఫ్ చేశారు. నేల మీద నిలబడిన విమానాన్ని కొట్టడం శత్రువుకు చాలా తేలిక. గాల్లోకి లేస్తేనే దానికీ, బేస్‌కీ ఒక అవకాశం. డ్యూటీలో ఉన్న పైలట్‌కు ఆ లెక్క ముందే తెలుసు. తెలిసి కూడా ఆ రన్‌వే మీద పరుగు తీయించడానికి ఎంత గుండె కావాలో నేను మాటల్లో చెప్పలేను.

అపోహ: బుల్లి నాట్ సేబర్‌కు సాటి రాదు.

నాట్ రెక్కల వెడల్పు 6.75 మీటర్లు, సేబర్‌ది 11 మీటర్ల పైనే. చిన్నది కాబట్టే కంటికి త్వరగా ఆనదు. చురుగ్గా తిరుగుతుంది, రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులున్నాయి. అవి ఒక్కోసారి మొరాయించేవన్నదీ నిజమే. కానీ 1965 యుద్ధం నుంచే దానికి 'సేబర్ స్లేయర్' (సేబర్లను చంపేది) అని పేరు. ఆ రోజు తక్కువైంది విమానం కాదు, వెనక చూసే తోడు.

ఆరుగురితో ఒక్కడు తలపడటం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. సెఖోన్ వెంటనే రెండు సేబర్ల వెంటపడ్డారు. ముందున్న దాన్ని గురి చూస్తున్నంతసేపూ కళ్లు ముందే ఉండాలి. ఆ క్షణాల్లో మన తోక వెనక ఎవరున్నారో చూసి చెప్పేది జోడీ పైలట్. అతను లేకపోతే మెడ మనమే తిప్పాలి. గట్టిగా మలుపు తిప్పినప్పుడు 5 జీ, అంటే మామూలు బరువుకు ఐదు రెట్లు పడితే, హెల్మెట్‌తో కలిపి 6 కిలోలున్న తల 30 కిలోలవుతుంది. మలుపు తిప్పిన ప్రతిసారీ వేగం పడిపోతుంది. ఎత్తు ఉంటే కిందికి దూకి వేగం తిరిగి తెచ్చుకోవచ్చు. సెఖోన్ పోరాడింది చెట్ల కొమ్మల ఎత్తులో, చుట్టూ కొండలు. కాపలా సేబర్లు వెనక చేరాక ఆయనకు మిగిలిన దారులు చాలా తక్కువ. విమాన శకలాలు ఒక లోయలో దొరికాయి. దేహం దొరకలేదు.

అపోహ: ముందు ఎగిరిన లీడర్ ఆయన్ని వదిలేశారు.

ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఘుమ్మన్ ముందు లేచారు, వెనకే సెఖోన్. ఆ ఉదయం లోయంతా మసక. టేకాఫ్ కాగానే ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా పోయారు. తోటి విమానాన్ని వెతికిపెట్టే రాడార్ నాట్‌లో లేదు. ఆ మసకలో నాట్‌ను వెతకడం ఎంత కష్టమో ఫైటర్ నడిపిన ఎవరినైనా అడగండి.

ఇక 'ఎన్ని కూల్చారు?' అనే ప్రశ్న. ఒకదానికి తూటాలు తగిలాయని, ఇంకొకటి మంటల్లో చిక్కుకుందని మన పురస్కార పత్రం చెబుతోంది. తమవన్నీ తిరిగొచ్చాయని పాకిస్తాన్ అంటుంది. నేను పిల్లలకు రెండూ చెబుతాను, దానివల్ల సెఖోన్ స్థాయి ఏమీ తగ్గదు. తొందరపడి లెక్క తేల్చకూడదని స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య విషయంలో నేర్చుకున్నాం. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరంపై దాడికి వెళ్లి ఆయన తిరిగి రాలేదు. తన మిస్టేర్ జెట్‌తో, అంతకంటే ఎంతో వేగంగా వెళ్లే పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్‌ను కూల్చారన్న సంగతి ఏళ్లు గడిచాక అవతలి వైపు కథనం ద్వారానే మనకు తెలిసింది. ఆయనకు మహావీర చక్ర ప్రకటించింది 1988లో.