ఐదు వందల ఏళ్లయినా వెలిసిపోని నీలం

ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఇన్నోసెంటి అనే పాత అనాథ శరణాలయం ఉంది. దాని ముందు వరండా కమానుల మధ్య, పొత్తిగుడ్డలు చుట్టిన పసిపిల్లల బొమ్మలు కనిపిస్తాయి. వెనక నీలం, పిల్లలు తెల్లగా. ఆండ్రియా డెల్లా రోబియా 1487లో చేసిన మట్టి బొమ్మలవి. ఎండకూ వానకూ ఇన్నేళ్లు ఓర్చుకున్నా ఆ నీలం వెలిసిపోలేదు. ఎందుకంటే అది మీద పూసిన రంగు కాదు, బొమ్మ మీది గాజు పొరలో కరిగి ఉన్న కోబాల్టు.

ఈ పద్ధతిని పెద్ద శిల్పాలకు తెచ్చింది ఆండ్రియా బాబాయి లూకా. కుండలకూ పళ్లేలకూ తగరం కలిపిన తెల్లటి గ్లేజు (కాలిస్తే గాజు పొరగా మారే పూత) అప్పటికే వాడుకలో ఉంది. లూకా దాన్ని 1440ల్లో ఫ్లారెన్స్ కెథెడ్రల్‌లో, ఒక తలుపు పైన క్రీస్తు పునరుత్థానాన్ని చూపే రిలీఫ్‌కు, అంటే పలక మీద ఉబ్బెత్తుగా తీర్చిన శిల్పానికి, వాడాడు. ముందు మట్టిని కాల్చి, గ్లేజు పూసి మళ్లీ కాల్చాలి. ఆ వేడికి ఇసుక, సీసం కలిసి గాజుగా కరుగుతాయి. తగరం ఆక్సైడు మాత్రం చాలావరకు కరగదు. సన్నటి రేణువులుగా ఉండిపోయి, పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఆ తెలుపు అలా వచ్చిందే. కింద ఉన్న మట్టి రంగు కూడా దాని వెనక దాగిపోతుంది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మట్టి ఎంపిక. బట్టీ చల్లారేటప్పుడు మట్టీ గాజూ రెండూ కుంచించుకుంటాయి. మట్టి తక్కువగా కుంచించుకుంటే గాజు సాగదీసినట్టయి బీటలు వారుతుంది. మరీ ఎక్కువగా కుంచించుకుంటే గాజు పెచ్చులుగా లేచిపోతుంది. సున్నం బాగా ఉన్న మట్టి ఈ గ్లేజుకు సరిగ్గా జోడీ కుదిరింది. థర్మల్ ఎక్స్‌పాన్షన్ (వేడికి వస్తువులు వ్యాకోచించడం) అనే మాట ఎరగని రోజుల్లో, చేత్తో చేసి చూసి పట్టుకున్న సంగతి ఇది!

పెద్ద బొమ్మను ఒకే ముక్కగా కాలిస్తే పగిలే ప్రమాదం ఎక్కువ. అందుకే వెనక వైపు మట్టి తోడేసి, ముక్కలుగా కోసి కాల్చి, గోడ మీద జోడించేవారు. ఆ అతుకుల్ని బట్టల మడతల వెంట దాచేవారు. ఫ్లారెన్స్ దగ్గరి పిస్తోయా ఊళ్లోని ఒక చర్చిలో యేసు తల్లి మేరీ, ఆమె బంధువు వృద్ధురాలైన ఎలిజబెత్ ఒకరినొకరు హత్తుకున్నట్టు లూకా చేసిన బొమ్మ ఉంది. ఎలిజబెత్ మోకాళ్ల మీద నిలిచి మేరీ ముఖంలోకి చూస్తుంటుంది. అంత దగ్గరితనం ఉన్న ఆ ఇద్దరూ విడివిడి ముక్కలుగా బట్టీలోంచి వచ్చినవాళ్లే.

లూకా ఎక్కువగా తెలుపు, నీలంతోనే సరిపెట్టుకున్నాడు. ఆండ్రియా కొడుకు జొవాన్ని పసుపు, ఆకుపచ్చ, ఊదా కూడా ధారాళంగా వాడాడు. నాకు లూకా తెలుపే ఎక్కువ నచ్చుతుంది. రంగులు తక్కువ కాబట్టి కన్ను నేరుగా ముఖాల మీదికే వెళ్తుంది.