బీచ్ వాలీబాల్ క్వాలిఫయర్లు: ముందు ఆ బట్టల సంగతి

పోయిన ఆదివారం కూడా అదే ప్రశ్న. ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో మా ఇసుక కోర్టు పక్కన ఒక తల్లి అరగంట సేపు నిలబడి ఆట చూసింది. పిల్లలు నీళ్లు తాగడానికి వెళ్లాక దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "టీచరమ్మా, పెద్ద పోటీలకు వెళ్తే ఆ చిన్న బట్టలు వేసుకోవాలట కదా? వాళ్ల నాన్న ఒప్పుకోరు. ఇప్పుడే మానిపిస్తే పిల్ల ఆశ పెంచుకోదు."

2013 నుంచి గంజాం జిల్లాలో ఈ ఆట నేర్పుతున్నాను. పొడవు చాలదని మానేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఈ బట్టల భయంతో మానేసిన ఆడపిల్లలను లెక్కపెట్టడం ఎప్పుడో వదిలేశాను. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: అంతర్జాతీయ పోటీల్లో, ఒలింపిక్స్‌కు అర్హత తేల్చే క్వాలిఫయర్లలో అమ్మాయిలు బికినీ వేసుకుని తీరాలి.

వాస్తవం: ఒకప్పుడు ఇంచుమించు అలాగే ఉండేది, కాదనను. బికినీ అయితే నడుము పక్కన గుడ్డ వెడల్పు 7 సెంటీమీటర్లు దాటకూడదని కూడా రాసుకున్నారు. ఎవరు కూర్చుని కొలిచారో గాని! 2012లో, లండన్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు, అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య ఆ నిబంధన మార్చింది. మోకాలికి 3 సెంటీమీటర్ల పైదాకా వచ్చే షార్ట్స్, చేతులున్న జెర్సీ లేదా చేతులు లేని జెర్సీ వేసుకోవచ్చు. బికినీ ఇష్టమైనవాళ్లు అదే వేసుకోవచ్చు, అది వాళ్ల ఇష్టం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ మార్పుకు కారణం క్వాలిఫయర్లే. కాంటినెంటల్ కప్ పేరుతో ఖండాలవారీ పోటీలు పెట్టేసరికి వందకు పైగా దేశాలు వచ్చాయి. వాటిలో చాలా దేశాల ఆచారాలకు పాత నిబంధన సరిపడలేదు. అంటే మన ఇళ్లలో ఉన్న అభ్యంతరమే లోకంలో మరెన్నో ఇళ్లలోనూ ఉంది. నిబంధనే దిగి వచ్చింది.

ఇంకా నమ్మకం కలగకపోతే 2016 రియో ఒలింపిక్స్ చూడండి. ఈజిప్టు నుంచి దోవా ఎల్ఘోబషీ, నదా మేవాద్ వెళ్లారు. ఇద్దరూ పొడుగు చేతుల జెర్సీలు, కాళ్లను పూర్తిగా కప్పే ప్యాంట్లు వేసుకున్నారు. దోవా తలకు హిజాబ్ కూడా చుట్టుకుంది. అప్పుడు ఆమె వయసు 19. తొలి మ్యాచ్‌లో ఎదుట నిలిచింది జర్మనీ జంట లూడ్విగ్, వాల్కెన్‌హార్స్ట్. ఈజిప్టు అమ్మాయిలు ఓడిపోయారు. ఆ జర్మనీ జంటే చివరికి స్వర్ణం గెలిచింది కాబట్టి తప్పు బట్టలది కాదని వేరే చెప్పక్కరలేదు.

మరి షార్ట్స్ వేసుకుంటే జరిమానా అన్న వార్త ఎక్కడి నుంచి వచ్చింది? నాకు ఏడాదికి నాలుగుసార్లైనా ఎవరో ఒకరు ఫోనులో అదే పంపుతారు. అది బీచ్ హ్యాండ్‌బాల్! 2021 జులైలో నార్వే అమ్మాయిలు బికినీ అడుగుభాగం బదులు షార్ట్స్ వేసుకున్నారని 1500 యూరోల జరిమానా వేశారు. గొడవ పెద్దదై, ఆ ఏడాదే హ్యాండ్‌బాల్ సమాఖ్య కూడా నిబంధన మార్చుకుంది. వేరే ఆట, వేరే సమాఖ్య, పైగా ఇప్పుడు లేని నిబంధన. అయినా ఆ వార్త మా సముద్రపు ఒడ్డున నేటికీ పిల్లలను ఇంట్లో కూర్చోబెడుతోంది. వార్తను ముందుకు తోసేవాళ్లకు చివరిదాకా చదివే ఓపిక ఉండదేమో.

నా కోపంలో సగం నా మీదే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మా నెట్టు, స్తంభాలు ఏమయ్యాయో తెలియలేదు. మరుసటి ఏడాది వెదురు బొంగులు పాతి, పాత వల కట్టి మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు ఒక పిల్ల ఉండేది. ఎడమ చేతి వాటం. ఒడియావాళ్లు నోలియాలనే మన తెలుగు మత్స్యకార కుటుంబం. ఎదురుగాలిలో ఆమె సర్వీసు తీయడం మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. ఒకరోజు మేనమామ వచ్చి ఫోనులో ఏదో పాత మ్యాచ్ చూపించి, "ఇలా నిలబెడతారా మా పిల్లను?" అని అడిగాడు. నిబంధన మారి అప్పటికి రెండేళ్లు. నాకే తెలియదు. "అంతదూరం వెళ్లినప్పుడు చూద్దాంలెండి" అన్నాను. అలాంటి జవాబుకు అర్థం అవుననే కదా! మర్నాటి నుంచి పిల్ల రాలేదు. ఇప్పుడు ఛత్రపురంలో కాపురం. బజారులో కనిపిస్తే బరువు సంచి ఎడమ చేత్తోనే ఎత్తుతుంది.

ఆ తర్వాత ఆ నిబంధనను తెలుగులో, ఒడియాలో రాయించి జిరాక్సులు తీసిపెట్టుకున్నాను. చదువురాని తల్లులకు నేనే చదివి వినిపిస్తాను.

మిగతా అపోహలు గబగబా.

ఒక్క టోర్నీ గెలిస్తే ఒలింపిక్సే అనుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మహిళల్లో 24 జంటలు, పురుషుల్లో 24. ఒక్కో విభాగంలో ఆతిథ్య దేశానికి 1, ప్రపంచ విజేతకు 1, ర్యాంకింగ్ ద్వారా 17, అయిదు ఖండాల కాంటినెంటల్ కప్‌ల నుంచి 5. ఏ దేశానికైనా రెండు జంటలే హద్దు. కాంటినెంటల్ కప్‌లో దేశం తరఫున రెండు జంటలు ఆడతాయి, సమానమైతే గోల్డెన్ మ్యాచ్ అనే ఆఖరి మ్యాచ్‌తో తేలుస్తారు. గెలిచిన ఒలింపిక్ చోటు దేశానిది, ఆడిన ఇద్దరిది కాదు. కాబట్టి మన రెండో జంటను పగవాళ్లలా చూసే తండ్రులు కాస్త తగ్గాలి. భారత్ ఇంతవరకు ఈ ఆటలో ఒలింపిక్స్‌కు చేరలేదు.

డబ్బు కడితే నేరుగా క్వాలిఫయర్‌కు పంపుతామనేవాళ్లు బరంపురం చుట్టుపక్కల తిరుగుతుంటారు. ఎంట్రీ వెళ్లేది జాతీయ సమాఖ్య నుంచే. పడవ ఇంజను తాకట్టు పెట్టకండి.

సముద్రం లేని ఊరివాళ్లకు ఈ ఆట రాదంటారు. పారిస్‌లో కోర్టు ఈఫిల్ టవర్ పక్కన, లండన్‌లో గుర్రపు దళాలు కవాతు చేసే మైదానంలో. ఇసుక లారీల్లో వచ్చింది. సముద్రమే లేని స్విట్జర్లాండ్ అమ్మాయిలు టోక్యోలో, పారిస్‌లో కాంస్యం గెలిచారు. రాయగడ, పర్లాకిమిడి పిల్లలూ, వింటున్నారా?

ఇండోర్ వాలీబాల్ బాగా ఆడితే ఇదీ వచ్చేస్తుందా? నెట్టు దగ్గర బంతిని అడ్డుకునే బ్లాక్‌ను కూడా జట్టుకున్న మూడు టచ్‌ల్లో ఒకటిగా లెక్కిస్తారు, వేళ్లతో బంతిని మెల్లగా అవతలికి తోసే టిప్ కుదరదు, మార్చడానికి మూడో మనిషి లేడు. ఇసుకలో ఒక నెల పరుగెత్తి చూశాక మాట్లాడుకుందాం.

ఆదివారం వచ్చిన తల్లికి కాగితం చదివాను. మోకాలి దగ్గర మూడు సెంటీమీటర్లంటే ఎంతని అడిగింది. రెండు వేళ్లు ఆనించి చూపించాను. "ఇంతేనా? నలుపు మాత్రం వద్దు, ఎండకు కాలిపోతుంది" అంది. వాళ్ల నాన్న ఇంకా ఒప్పుకోలేదట. వేట నుంచి వచ్చాక ఆ కాగితం ఆయనకు నేనే చదివి వినిపించాలట.